ఆటకు పదిహేను బంతులు వేసేవాడు రిటైర్ అయితే అంత బాధ ఎందుకు?

ముందు మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెప్తాను. మీరు న్యూజెర్సీ వచ్చి ఏడాది అయింది. మీ ఆఫీసు మేనేజర్‌కు ఎంతో ఇష్టమైన ఒక సీనియర్ బేస్‌బాల్ రిలీఫ్ పిచర్ (ఆట మధ్యలో వచ్చి బంతులు వేసేవాడు) ఆట మానేస్తున్నానని ప్రకటించాడు. ఆ రోజంతా మీ మేనేజర్ డల్‌గా ఉన్నాడు, మధ్యాహ్నం మీటింగ్ కూడా వాయిదా వేశాడు. "తొమ్మిది ఇన్నింగ్స్ ఆటలో ఒక్క ఇన్నింగ్స్ వేసేవాడు, అదీ రోజూ కాదు. అతని కోసం యాభై ఏళ్ల మనిషి కళ్లనీళ్లు పెట్టుకోవడం ఏమిటి? ఇది నిజమైన బాధేనా, అందరూ చేస్తున్నారని చేసే హడావుడా? నేను పలకరించాలా, ఊరుకోవాలా?" అని అడిగారు.

నిజమైన బాధే. పలకరించండి. అతను ఎన్ని బంతులు వేశాడో అభిమాని లెక్కపెట్టుకోడు, ఎప్పుడు వేశాడో గుర్తుపెట్టుకుంటాడు. ఆట మొదట్లో స్టార్టర్ (ఆటను మొదలుపెట్టే పిచర్) వేస్తుంటే మనం అన్నం తింటూ చూస్తాం, పిల్లల హోంవర్క్ చూస్తూ ఒక కన్ను అటు వేస్తాం. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో, ఒక్క పరుగు ఆధిక్యం మీద, బేస్‌ల మీద ప్రత్యర్థులు ఇద్దరు పరుగు కోసం కాచుకుని ఉండగా రిలీఫ్ పిచర్ వస్తే ఇంట్లో ఎవరూ కూర్చోలేరు. పదిహేనేళ్ల పాటు గుండె దడదడలాడిన ప్రతి రాత్రీ టీవీలో కనిపించింది ఆ ఒక్క ముఖమే. అతను వెళ్లిపోతున్నాడంటే ఆ రాత్రులన్నీ ఒకేసారి గుర్తొస్తాయి. అప్పుడు పక్కన కూర్చుని చూసినవాళ్లూ గుర్తొస్తారు. వాళ్లలో కొందరు ఇప్పుడు ఉండరు.

నేను 1999లో ఇక్కడికి వచ్చాను, అప్పటి నుంచి న్యూయార్క్ టీమ్ యాంకీస్ అభిమానిని. పన్నెండేళ్లుగా మా ఊరి పిల్లల లీగ్‌లో స్కోరుబుక్ రాస్తున్నాను, మధ్యలో నాలుగు సీజన్లు పిచర్లకు అసిస్టెంట్ కోచ్‌గా ఉన్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను, ఓపికగా చదవండి.

మొదట ఆ ఉద్యోగం ఎలాంటిదో తెలియాలి. మైదానం చివర, కంచె వెనక, బుల్‌పెన్ అని ఒక చోటు ఉంటుంది. పేరుకు తగ్గట్టే ఎద్దుల దొడ్డిలా ఉంటుంది. ఏడెనిమిది మంది రిలీఫ్ పిచర్లు ఆట మొదలైనప్పటి నుంచి అక్కడే కూర్చుంటారు. గోడకు ఒక ఫోను. టీమ్ మేనేజర్ (మన కోచ్ లాంటివాడు) డగౌట్, అంటే ఆటగాళ్లు కూర్చునే చోటు నుంచి ఫోన్ చేసి ఫలానావాణ్ణి రెడీ చేయమంటాడు. అతను లేచి ఒక ఇరవై బంతులు గట్టిగా విసిరి చెయ్యి వేడి చేసుకుంటాడు. చాలాసార్లు ఆ తర్వాత అసలు పిలుపే రాదు. స్టార్టర్ ఎలాగో గట్టెక్కుతాడు, ఇతను జాకెట్ వేసుకుని మళ్లీ కూర్చుంటాడు. ఆ ఇరవై బంతులు ఏ రికార్డులోకీ ఎక్కవు, కానీ భుజం మాత్రం అరుగుతుంది. మీరు "రోజూ వేయడు కదా" అన్నారు చూడండి, అక్కడే కొత్తగా ఆట చూసేవాళ్లు పొరబడతారు. వేయని రోజు కూడా అతను సగం పని చేసే ఉంటాడు.

లెక్క ప్రకారం చూస్తే మీ మాట నిజమే. 162 ఆటల సీజన్‌లో ఒక టీమ్ సుమారు 1,450 ఇన్నింగ్స్ వేస్తుంది. అందులో ఒక మంచి రిలీఫ్ పిచర్ వాటా అరవై డెబ్బై. మిగతావాళ్లు కట్టిన గెలుపును చివరిదాకా కాపాడి అప్పజెప్పడం అతని పని. అలా కాపాడితే 'సేవ్' అంటారు. మూడు పరుగులు, అంతకంటే తక్కువ ఆధిక్యం ఉన్నప్పుడు వచ్చి, చివరి ఇన్నింగ్స్ పూర్తిగా వేసి గెలిపిస్తే ఒక సేవ్. ఇంకో రెండు దారులున్నాయి, మీకు ఇప్పుడు అవసరం లేదు. ఈ లెక్కను రూపొందించింది జెరోమ్ హోల్ట్స్‌మన్ అనే షికాగో విలేకరి. 1969లో మేజర్ లీగ్ దాన్ని అధికారికంగా తీసుకుంది. అదే ఏడాది నవంబరులో పనామాలో పుట్టాడు మరియానో రివేరా. నాకు బాగా తెలిసిన కథ అతనిదే కాబట్టి ఎక్కువగా అతని గురించే చెప్తాను.

రివేరాది ప్యూర్తో కైమితో అనే జాలరి పల్లె. తండ్రి చేపల పడవ నడిపేవాడు, కుర్రాడు కూడా ఆ పడవ మీద పనిచేశాడు. 1990లో యాంకీస్ అతన్ని మహా అయితే రెండు మూడు వేల డాలర్లకు తీసుకుంది. 1995లో స్టార్టర్‌గా మొదలుపెట్టాడు, పెద్దగా రాణించలేదు. 1996లో, అప్పట్లో చివరి ఇన్నింగ్స్ వేసే జాన్ వెట్టెలాండ్‌కు ముందు వేసే పని ఇచ్చారు, 1997 నుంచి చివరి ఇన్నింగ్స్ అతనిది. అంటే క్లోజర్. ఆ 1997లోనే ఒకరోజు తోటి పిచర్ రమీరో మెండోసాతో బంతి విసురుకుంటుంటే, చేతి నుంచి నేరుగా వెళ్లాల్సిన బంతి చివర్లో పక్కకు తిరగడం మొదలైంది. ఆపుదామని చూసినా ఆగలేదు. అదే కట్టర్. కుడిచేత్తో వేసే బంతి చివరి క్షణంలో ఎడమచేతివాటం బ్యాటర్ మీదకు చొచ్చుకొచ్చి బ్యాట్ పిడి దగ్గర తగిలేది, బ్యాట్ విరిగేది. 1999 వరల్డ్ సిరీస్‌లో (టైటిల్ తేల్చే ఫైనల్ సిరీస్) అట్లాంటా బ్యాటర్ రయన్ క్లెస్కో ఒక్క విడతలోనే మూడు బ్యాట్లు విరగ్గొట్టుకున్నాడు. క్రికెట్‌లో చివరి ఓవర్లలో యార్కర్ పడుతుందని తెలిసి కూడా ఆడలేకపోవడం మనం చూశాం కదా, ఇదీ అంతే. వచ్చే బంతి ఏదో స్టేడియం మొత్తానికీ తెలుసు. పదహారేళ్ల పాటు అదే వేశాడు.

అంకెలు ఒకసారి చెప్పేస్తాను. 652 సేవ్‌లు, ఇది రికార్డు. ట్రెవర్ హాఫ్‌మన్ పేరిట ఉన్న 601ని 2011 సెప్టెంబరు 19న దాటాడు. అయిదు ప్రపంచ టైటిళ్లు. పోస్ట్ సీజన్‌లో, అంటే నాకౌట్ దశలో, 141 ఇన్నింగ్స్ వేసి తన ఖాతాలో ఇచ్చిన పరుగులు 11 మాత్రమే. చంద్రుడి మీద నడిచినవాళ్లు పన్నెండు మంది, అక్టోబరులో మరియానో మీద వచ్చిన పరుగులు అంతకంటే తక్కువ అని ఇక్కడి అభిమానులు చెప్పుకుంటారు.

కానీ అభిమానుల ప్రేమ ఈ అంకెల వల్ల వచ్చింది కాదు. ఈ మాట మీ మేనేజర్ దగ్గర కూర్చుంటే మీకే తెలుస్తుంది. రిలీఫ్ పిచర్ రిటైర్ అయిన రోజు అభిమానులు ముందు ఎత్తేవి సేవ్‌లు కావు, ఓడిన ఆటలు.

2001 నవంబరు 4 సంగతి చెప్తాను. సెప్టెంబరు 11 దాడుల వల్ల ఆ ఏడాది సీజన్ ఆలస్యమై వరల్డ్ సిరీస్ నవంబరులోకి వచ్చింది. న్యూయార్క్‌లో అప్పటికింకా ఆ పొగ వాసన పోలేదు. అరిజోనాలో, ఆ ఊరి టీమ్‌తో ఆఖరిదైన ఏడో ఆట. యాంకీస్ 2-1 ఆధిక్యంలో ఉండగా ఎనిమిదో ఇన్నింగ్స్‌లో రివేరా వచ్చి ముగ్గుర్ని స్ట్రైకౌట్ చేశాడు, అంటే బంతిని కొట్టే వీలే లేకుండా అవుట్ చేశాడు. నేను మా అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు సహోద్యోగులతో కలిసి చూస్తున్నాను. ఒకాయన అప్పటికే షాంపేన్ సీసా పైన చుట్టిన రేకు ఊడదీశాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక సింగిల్ (మొదటి బేస్ చేర్చే హిట్). తర్వాత బంట్ (బంతిని మెల్లగా తట్టి వదలడం) వస్తే రివేరా బంతి అందుకుని రెండో బేస్‌కు విసిరాడు, గురి తప్పింది. కాసేపటికి టోనీ వోమాక్ డబుల్ (రెండో బేస్ చేర్చే హిట్) కొట్టి స్కోరు సమం చేశాడు. చివరికి లూయిస్ గొంజాలెజ్ బ్యాట్‌కు సరిగ్గా తగలని బంతి ఒకటి, ముందుకు జరిగి నిలబడ్డ యాంకీస్ ఫీల్డర్ డెరెక్ జీటర్ తల మీదుగా మెల్లగా వెళ్లి గడ్డిలో పడింది. అయిపోయింది. ఆ సహోద్యోగి సీసాను మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టి మాట్లాడకుండా చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు. ఆ సీసా సంక్రాంతి దాకా మా ఫ్రిజ్‌లోనే ఉంది.

మర్నాడు ఆఫీసులో ఆ సహోద్యోగితో నేను అన్నాను, "ఒక్క ఇన్నింగ్సే కదా, వేరేవాళ్లతో వేయించి ఉండొచ్చుగా" అని. అచ్చం మీరు అడిగినట్టే. ఆయన కోప్పడలేదు. "రేపు మళ్లీ ఆట ఉంటే మళ్లీ అతనికే బంతి ఇవ్వమంటాను" అన్నాడు. నాకు ఈ ఆట ఆ రోజు అర్థం కావడం మొదలైంది.

ఆ ఓటమికి ఒక కొనసాగింపు కూడా ఉంది. యాంకీస్ గెలిచి ఉంటే న్యూయార్క్‌లో ఊరేగింపు జరిగేది. జరగలేదు కాబట్టి ఎన్రీకే విల్సన్ అనే ఆటగాడు డొమినికన్ రిపబ్లిక్‌కు ముందుగానే వెళ్లిపోయాడు. అతను మొదట ఎక్కాల్సిన విమానం నవంబరు 12న క్వీన్స్‌లో కూలింది. ఓడిపోవడమే మేలైంది, నా స్నేహితుడు మిగిలాడు అని రివేరా తర్వాత చెప్పాడు. యాంకీస్ అభిమానుల్లో ఈ మాట తెలియనివాళ్లు తక్కువ. ఓడిన మనిషి అలా అనగలిగాడంటే ఇక అతని మీద కోపం ఎక్కడ నిలుస్తుంది?

2004లో ఇంకా ఘోరం. వరల్డ్ సిరీస్‌కు ముందరి సిరీస్‌లో బోస్టన్ మీద మూడు ఆటలు గెలిచి, నాలుగో ఆటలో 4-3 ఆధిక్యంలో ఉండగా ఎనిమిదో ఇన్నింగ్స్‌కే రివేరా వచ్చాడు. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఒక వాక్ (నాలుగు బంతులు గురి తప్పితే బ్యాటర్‌కు ఉచితంగా దక్కే మొదటి బేస్), డేవ్ రాబర్ట్స్ రెండో బేస్ దొంగిలించడం, బిల్ మ్యూలర్ సింగిల్. సమం. ఆ ఆట బోస్టన్ గెలిచింది, వరుసగా మిగతా మూడూ గెలిచింది, 86 ఏళ్ల తర్వాత టైటిల్ కొట్టింది. మరుసటి ఏప్రిల్‌లో యాంకీస్ బోస్టన్ వెళ్తే, ఆటగాళ్లను పరిచయం చేసేటప్పుడు ఆ ఊరి జనం రివేరాకు అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు, మమ్మల్ని గెలిపించావు అన్నట్టు. అతను తలదించుకోలేదు, మొహం మాడ్చుకోలేదు. నవ్వేసి టోపీ తీసి ఊపాడు. మా ఇంట్లో ఆ నవ్వు చూసి నా భార్యకు బేస్‌బాల్ మీద మొదటిసారి ఆసక్తి పుట్టింది.

ఇప్పుడు రిటైర్మెంట్ సంగతికి వస్తాను. 2012 మే 3న కాన్సస్ సిటీలో ఆటకు ముందు ప్రాక్టీసులో ఎగిరొచ్చిన బంతి అందుకోబోయి అతని మోకాలి లిగమెంట్ తెగింది. అప్పటికి 42 ఏళ్లు. అందరం అయిపోయిందనుకున్నాం. ఇలా మాత్రం వెళ్లను, తిరిగొస్తాను, రాసిపెట్టుకోండి అన్నాడు. 2013 మార్చిలో వచ్చి, ఇదే ఆఖరి సీజన్ అని ముందే చెప్పాడు. అలా ముందే చెప్పడం వల్ల అభిమానులకు ఆర్నెల్ల టైమ్ దొరికింది. ఏ ఊరు వెళ్లినా అక్కడి స్టేడియంలో తెరవెనక పనిచేసేవాళ్లను, ఎన్నో ఏళ్లుగా టికెట్లు కొంటున్న మామూలు అభిమానులను కొందరిని ఒక గదిలో కూర్చోబెట్టుకుని మాట్లాడేవాడు. మిన్నెసోటా టీమ్ విరిగిన బ్యాట్లతో ఒక ఊగుడు కుర్చీ చేయించి ఇచ్చింది. ప్రత్యర్థులు ఇచ్చిన కానుకల్లో అంతకంటే నిజాయతీ ఉన్నది ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

ఇక్కడ మీకు తెలియాల్సిన ముఖ్యమైన విషయం ఒకటుంది. రిలీఫ్ పిచర్‌కు వీడ్కోలు ఆట ఏర్పాటు చేయడం చాలా కష్టం. స్టార్టర్‌కు అయిదు రోజులకో వంతు ఉంటుంది. ఫలానా శనివారం ఆఖరి ఆట అంటే ఊళ్లో ఉన్న చుట్టాలందరూ టికెట్లు కొనుక్కోవచ్చు. రివేరాతో పాటే రిటైర్ అయిన ఆండీ పెట్టిట్‌కు అలాగే జరిగింది. 2013 సెప్టెంబరు 28న సొంతూరి దాపున హ్యూస్టన్‌లో తొమ్మిది ఇన్నింగ్సూ తనే వేసి 2-1తో గెలిచి వెళ్లాడు. రిలీఫ్ పిచర్‌కు అలాంటి హామీ ఉండదు. టీమ్ బాగా వెనకబడినా అతను రాడు, బాగా ముందున్నా రాడు.

ఆ ఏడాది ఆల్ స్టార్ ఆటలో (లీగ్‌లోని మేటి ఆటగాళ్లు రెండు టీములుగా ఆడేది) ఇదే పేచీ వచ్చింది. న్యూయార్క్‌లోనే, ఆ ఊరి ఇంకో టీమ్ మెట్స్ వాళ్ల స్టేడియంలో. రివేరా టీమ్ 3-0 ముందుంది, జనం తొమ్మిదో ఇన్నింగ్స్ కోసం చూస్తున్నారు. మేనేజర్ జిమ్ లేలాండ్ అతన్ని ఎనిమిదో ఇన్నింగ్స్‌లోనే పంపాడు. చాలామంది విసుక్కున్నారు. ఆయన ఆలోచన ఏమిటంటే, ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఆతిథ్య టీమ్ పైకి వచ్చేస్తే తొమ్మిదిలో వాళ్లకు బ్యాటింగే ఉండకపోవచ్చు, అప్పుడు రివేరాకు వేసే అవకాశమే పోతుంది. అతను మౌండ్ (పిచర్ నిలబడే మట్టి దిబ్బ) మీదకు వచ్చేసరికి తోటి ఆటగాళ్లు ఎవరూ మైదానంలోకి దిగలేదు. రెండు టీములూ డగౌట్ల దగ్గర నిలబడి చప్పట్లు కొడుతుంటే, అంత పెద్ద మైదానంలో అతనొక్కడే.

అసలు ఆఖరి రోజు సెప్టెంబరు 26, గురువారం. నేను ఒక్కణ్ణే వెళ్లాను, పై అంతస్తులో సీటు. ముందు రోజే యాంకీస్ ప్లేఆఫ్ ఆశలు పోయాయి, టాంపా బే మీద 4-0 వెనకబడి ఉంది. సేవ్‌కు అవకాశం లేదు, గెలుపుకు అర్థం లేదు. అయినా ఎవరూ లేవలేదు. నా పక్కన ఒక పెద్దాయన ఒళ్లో స్కోరుబుక్ పెట్టుకుని చిన్న పెన్సిల్‌తో ప్రతి బంతీ రాస్తున్నాడు. నాకు స్కోరు రాయడం అప్పుడే కొత్త, కాబట్టి ఆయన గళ్లలోకి తొంగి చూస్తూ కూర్చున్నాను. ఎనిమిదో ఇన్నింగ్స్‌లో ఒక అవుట్ పడ్డాక బుల్‌పెన్ తలుపు తెరుచుకుంది. నలుగురికి బంతులు వేశాడు, నలుగురూ అవుట్. తొమ్మిదో ఇన్నింగ్స్‌లో ఇద్దరయ్యారు, ఇంకొక్క అవుట్ మిగిలింది. పిచర్‌ను మార్చడానికి మేనేజర్ రావాల్సిన చోట జీటర్, పెట్టిట్ నడుచుకుంటూ వస్తున్నారు. 1995లో ముగ్గురూ ఒకే ఏడాది పెద్ద టీమ్‌లో అడుగుపెట్టినవాళ్లు. మేనేజర్ జో జిరార్డీ అంపైర్ల అనుమతి అడిగి వాళ్లను పంపాడట. రివేరా మొదట నవ్వాడు. బంతి పెట్టిట్ చేతికిచ్చి, అతని భుజం మీద తలపెట్టి ఏడ్చాడు. ఎంతసేపో చెప్పలేను, చాలాసేపే. ఎదురు టీమ్ వాళ్లు కూడా డగౌట్ ముందుకొచ్చి చప్పట్లు కొడుతున్నారు.

నేను పక్కకు చూశాను. పెద్దాయన పెన్సిల్ కాగితం మీద ఆనించి అలాగే ఉంచాడు. పిచర్ మారినప్పుడు ఒక గీత గీసి కొత్త పేరు రాయాలి, అదీ పద్ధతి. ఆ గీత గీయలేదు. కాసేపటికి ఆ గడిలో మామూలు అంకెలతో '42' అని రాసి పుస్తకం మూసేశాడు. 42 రివేరా చొక్కా నంబరు. ఈ లీగ్‌లో వర్ణవివక్ష గోడను బద్దలుకొట్టిన నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ గౌరవార్థం 1997లో మేజర్ లీగ్ మొత్తం ఆ నంబరును ఆపేసింది. అప్పటికే వేసుకుంటున్నవాళ్లకు మాత్రం మినహాయింపు ఇచ్చారు. వాళ్లలో ఆఖరివాడు రివేరా. అతనితో ఆ చొక్కా కూడా వెళ్లిపోయింది.

ఆట అయ్యాక జనం ఖాళీ అవుతుంటే అతను ఒంటరిగా మౌండ్ దగ్గరికి వచ్చి, వంగి, గుప్పెడు మట్టి తీసుకున్నాడు. సుమారు ఏడు వారాల తర్వాత, నవంబరు 16న, వాంఖడేలో సచిన్ ఒంటరిగా పిచ్ దగ్గరికి వెళ్లి వంగి నేలకు దండం పెట్టాడు. నేను ఆ రెండూ ఒకే ఏడాది చూశాను. మీరు సచిన్ రిటైర్మెంట్ రోజు ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి, మీ మేనేజర్ ముఖం అర్థమవుతుంది.

నిజానికి సచిన్ కంటే దగ్గరి పోలిక మనకు ఇంకొకటి ఉంది, మన హైదరాబాద్ లక్ష్మణ్. ఎప్పుడూ కష్టకాలంలో, చివర్లో, టెయిలెండర్లతో కలిసి నెట్టుకొచ్చిన మనిషి. 2010 అక్టోబరులో మొహాలీ టెస్టు గుర్తుందా? ఆస్ట్రేలియా మీద 216 కావాలి, 124కి ఎనిమిది వికెట్లు పోయాయి. నడుం నొప్పితో లక్ష్మణ్ 73 నాటౌట్, ఇషాంత్‌తో భాగస్వామ్యం, ఒక్క వికెట్ తేడాతో గెలుపు. అంత నెమ్మదైన మనిషి ఆ టెన్షన్‌లో ఓఝా మీద బ్యాట్ ఎత్తి అరిచాడు. 2012 ఆగస్టులో ఉప్పల్‌లో టెస్టుకు అయిదు రోజుల ముందు, ఎంపికై ఉండి కూడా, అదే స్టేడియంలో ప్రెస్ మీట్ పెట్టి తప్పుకున్నాడు. సొంతూరి జనం ముందు ఆఖరి ఇన్నింగ్స్ ఆడలేదు. ఆ రోజు మా తమ్ముడు ఎల్బీనగర్ నుంచి ఫోన్ చేసి పది నిమిషాలు మాట్లాడాడు, అందులో ఒక్కసారి కూడా సెంచరీల లెక్క రాలేదు. మొహాలీ గురించి, 2001 కోల్‌కతా గురించి, ఆ ఆటలు నాన్నతో కలిసి చూడటం గురించే మాట్లాడాడు. రిలీఫ్ పిచర్ అభిమానులు మాట్లాడేదీ ఇలాగే ఉంటుంది.

అందరూ రివేరాలు కారు, ఇది కూడా చెప్పాలి. ఎక్కువమంది రిలీఫ్ పిచర్లకు ఊగుడు కుర్చీలూ ఉండవు, లైవ్‌గా పాడటానికి మెటాలికా అనే రాక్ బృందం కూడా రాదు. (రివేరా కోసం వచ్చింది, 2013 సెప్టెంబరు 22న.) ఫిబ్రవరిలో ఏ టీమూ పిలవకపోతే, ఒకరోజు చిన్న ప్రకటనతో అయిపోతుంది. మీ మేనేజర్ అభిమానించే పిచర్ పేరు మీరు రాయలేదు గానీ, అతను ఈ కోవకు చెందినవాడైతే ఆ బాధ ఇంకా ఎక్కువగా ఉంటుంది. నలుగురూ కలిసి చప్పట్లు కొట్టి పంపించే అవకాశం దొరకలేదు కదా.

డేనియల్ హడ్సన్‌ని చూడండి. వరుసగా రెండేళ్లు, 2012లో, 2013లో, మోచేతికి ఒకే ఆపరేషన్ రెండుసార్లు. స్టార్టర్‌గా ఉన్నవాడు తిరిగొచ్చి రిలీఫ్ పిచర్ అయ్యాడు. 2019లో వాషింగ్టన్ తరఫున వరల్డ్ సిరీస్ ఆఖరి అవుట్ తీసి గ్లవ్ విసిరేశాడు. అదే నెలలో కూతురు పుట్టిందని ఒక ప్లేఆఫ్ ఆటకు రాలేదు, దాని మీద విమర్శలు కూడా వచ్చాయి. 2024లో తన టీమ్ డాడ్జర్స్ టైటిల్ గెలిచిన రాత్రే ఇక చాలన్నాడు. ఆ సిరీస్ నాలుగో ఆటలో అతని మీద మా యాంకీస్ ఆటగాడు వోల్పీ గ్రాండ్ స్లామ్ (ఒక్క దెబ్బకు నాలుగు పరుగులు) కొట్టాడు, నేను ఎగిరి గంతేశాను. వారం తిరక్కుండా అతను రిటైర్ అయ్యాడని తెలిసి, ఆ మోచేతికి పడ్డ కత్తిగాట్లు తలుచుకుంటే మనసు అదోలా అయింది. ప్రత్యర్థి అభిమానికే అలా ఉంటే వాషింగ్టన్ వాళ్లకు ఎలా ఉంటుందో చూసుకోండి.

అభిమానులు ఎప్పుడూ ఇంత మంచిగా ఉంటారని మాత్రం అనుకోకండి. 1993 వరల్డ్ సిరీస్‌లో ఫిలడెల్ఫియా క్లోజర్ మిచ్ విలియమ్స్‌ను చంపుతామని బెదిరించారు. ఆఖరి ఆటలో టొరంటోకు చెందిన జో కార్టర్ అతని మీదే హోమ్ రన్ కొట్టి సిరీస్ గెలిపించాడు. ఆ డిసెంబరులోనే టీమ్ అతన్ని హ్యూస్టన్‌కు ఇచ్చేసింది. ఈ ఉద్యోగంలో తప్పు చేస్తే దాచుకోవడానికి చోటు ఉండదు. స్టార్టర్ రెండో ఇన్నింగ్స్‌లో పరుగులిస్తే టీమ్‌కు ఇంకా టైమ్ ఉంటుంది, క్లోజర్ ఇస్తే ఆట అక్కడే అయిపోతుంది. అందుకే ఇరవై ఏళ్లు నిలబడ్డవాడు అరుదు, వెళ్లేటప్పుడు జనానికి తాము తిట్టిన తిట్లు కూడా గుర్తొస్తాయి.

ఇది నేను పిల్లల దగ్గరే చూశాను. ఒక ఏడాది మా టీమ్‌లో పదకొండేళ్ల కుర్రాడు, బక్కపల్చటి వాడు, చివరి ఇన్నింగ్స్ వేసేవాడు. ఒక సాయంత్రం ఆఖరి ఇన్నింగ్స్‌లో వరుసగా ముగ్గుర్ని వాక్ చేసి, తర్వాతివాడికి హిట్ ఇచ్చి ఆట పోగొట్టాడు. బెంచీ మీద టోపీ ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు. రెండు రోజుల తర్వాత మళ్లీ ఒక్క పరుగు తేడా ఆట. హెడ్ కోచ్ ఎవర్ని పంపుదామని నన్నడిగాడు. నేను ఆ కుర్రాడి వైపు చూశాను. వాడు అప్పటికే గ్లవ్ తొడుక్కుని లేచి నిలబడి ఉన్నాడు, కాళ్లు మాత్రం వణుకుతున్నాయి. పంపాం. అవుట్లు తీశాడా లేదా అన్నది స్కోరుబుక్‌లో ఉంది, నాకు గుర్తుండిపోయింది మాత్రం వాడు లేచి నిలబడటమే.

ఇక మీ అసలు అవసరం, మీ మేనేజర్‌తో ఏం మాట్లాడాలన్నది. "గొప్ప ఆటగాడు, ఎన్ని రికార్డులో" అని మొదలుపెట్టకండి. అది ఆయన వంద చోట్ల చదివేసి ఉంటాడు. "మీకు బాగా గుర్తున్న ఆట ఏది? అది ఎవరితో చూశారు?" అని అడగండి. అడిగి మీరు మాట్లాడకుండా వినండి. నేను 2013లో మా ఆఫీసులో ఒకావిడను ఇలాగే అడిగితే, ఆసుపత్రిలో వాళ్ల నాన్న మంచం పక్కన చిన్న రేడియోలో తొమ్మిదో ఇన్నింగ్స్ విన్న సంగతి చెప్పింది. పదేళ్లు పక్క క్యూబికల్‌లో ఉన్నా నాకు తెలియదు. ఆయన ఓడిన ఆట చెప్తే "అయ్యో" అనొద్దు, "తర్వాతి రోజు మళ్లీ అతన్నే పంపారా?" అనండి. ఆయన ముఖం వెలుగుతుంది.

"ఇంతకీ క్లోజర్లకు ఇచ్చే విలువ ఎక్కువేమో" అనే చర్చ మాత్రం ఆ వారంలో ఎత్తకండి. సేవ్ అనే లెక్కలో లోపాలున్నాయి. మూడు పరుగుల ఆధిక్యాన్ని ఒక ఇన్నింగ్స్ కాపాడటం అంత బ్రహ్మవిద్య కాదని అంకెలు చూసేవాళ్లు అంటారు, కొంత నిజమే కూడా. అయినా 2019లో, మేటి ఆటగాళ్లకు దక్కే గౌరవమైన హాల్ ఆఫ్ ఫేమ్ ఓటింగ్‌లో 425 మంది విలేకరులకు గానూ 425 మందీ ఓటేసింది ఒక్క రివేరాకే, అంతకుముందు ఈ ఆటకే దిగ్గజమైన బేబ్ రూత్‌కు కూడా అలా జరగలేదు. ఆ వాదన వచ్చే సీజన్‌లో ఎప్పుడైనా తీరిగ్గా పెట్టుకోవచ్చు.

ఇంకొకటి. వీలైతే ఆయనతో కలిసి ఒక ఆటకు వెళ్లండి. యాంకీ స్టేడియం అయితే కుడి సెంటర్ ఫీల్డ్ వైపు సీట్లు తీసుకోండి, ఇంటి టీమ్ బుల్‌పెన్ అక్కడే ఉంటుంది. మనవాళ్లు చాలామంది పార్కింగ్‌లో రద్దీ అవుతుందని ఏడో ఇన్నింగ్స్‌కే లేచి వచ్చేస్తారు, మీరు అలా రాకండి. ఎనిమిదో ఇన్నింగ్స్ మధ్యలో ఫోను మోగి ఒకడు జాకెట్ విప్పుతాడు, అతన్ని చూస్తూ ఉండండి.